బడి పంతులు నుంచి భారత ఫుట్‌బాల్ గురువు వరకు: రహీమ్ ప్రస్థానం

కోల్‌కతా: ఖిదిర్‌పూర్ రేవు పక్కనున్న వాట్‌గంజ్‌కు సమీపంలోనే నగర మైదాన్ ఉంది. మోహన్ బాగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ వంటి క్లబ్బులకు అదే నెలవు. భారత ఫుట్‌బాల్ రాజధాని కోల్‌కతాయేనన్న నమ్మకం బలంగా ఉన్న రోజుల్లో, 1950లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మోహన్ బాగాన్‌ను ఓడించింది. తొలి మ్యాచ్ 2-2తో సమం కాగా, మళ్లీ ఆడించిన పోటీలో 1-0తో విజయం దక్కింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు.

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఫుట్‌బాల్ ఆడారు. అనంతరం నగరంలోని పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది విద్యార్థుల ఆటల బాధ్యత చేపట్టారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షకుడి బాధ్యతలు స్వీకరించారు.

తరగతి గదిలో అబ్బిన ఓర్పును ఆయన మైదానానికి తీసుకువచ్చారు. బంతిని కాలి దగ్గరే ఉంచుకొని ఒంటరిగా దూసుకుపోవడం నాడు గొప్ప నైపుణ్యంగా చెలామణి అయ్యేది. దానికి విరుగుడుగా, డ్రిబ్లింగ్‌ను అనుమతించని పోటీలను రహీమ్ నిర్వహించారు. వాటిలో బంతి అందగానే సహచరుడికి పంపక తప్పదు. బలహీనమైన కాలితోనే ఆడాలన్న నిబంధనతోనూ పోటీలు జరిపారు. లోపాన్ని ఎత్తిచూపి మందలించడానికి బదులు, ఆటగాడే దానిని సరిదిద్దుకునే పరిస్థితిని కల్పించడం ఆయన పద్ధతి. ఆ శిక్షణలో రాటుదేలిన పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది.

ప్రతిభ ఎక్కడున్నా వెతికి పట్టుకోవడం ఆయనకు అలవాటు. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడకు చెందిన పేద కుర్రాడు తులసీదాస్ బలరామ్ సాధనకు రావడానికి సైకిలు అద్దె సొమ్ము ఇచ్చి ప్రోత్సహించారు. ఆ కుర్రాడే తరువాత దేశం గర్వించే ఫార్వర్డ్ అయ్యాడు.

జాతీయ జట్టు శిక్షకుడిగా రహీమ్‌కు తొలి పెద్ద విజయం 1951లో దక్కింది. ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్‌లో భారత్ 1-0తో ఇరాన్‌పై గెలిచి స్వర్ణం సాధించింది. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోర పరాజయం ఎదురైంది. మన ఆటగాళ్లలో పలువురు ఆ మ్యాచ్‌లో బూట్లు లేకుండానే ఆడారు. ఆ ఓటమి తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి.

నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆ పాఠం ఫలించింది. క్వార్టర్ ఫైనల్‌లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో భారత్ 4-2 తేడాతో ఆతిథ్య ఆస్ట్రేలియాను ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టుగా నిలిచింది. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది. తొలి గోల్ మనదే అయినా 4-1తో ఓటమి తప్పలేదు. కాంస్య పోరులో బల్గేరియా చేతిలో ఓడి జట్టు నాలుగో స్థానంతో వెనుదిరిగింది.

1962 నాటికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రహీమ్‌ను పీడిస్తోంది. అయినా ఆయన జట్టుతో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లారు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. థాయిలాండ్‌తో పోరులో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. జపాన్‌పై గెలుపుతో సెమీస్ చేరిన జట్టులోకి రహీమ్ జర్నైల్‌ను తిరిగి తీసుకున్నారు. అయితే రక్షణ శ్రేణిలో కాదు, సెంటర్ ఫార్వర్డ్‌గా. సాహసం ఫలించి భారత్ ఫైనల్ చేరింది. అక్కడ అదే దక్షిణ కొరియా ఎదురైంది. ఆతిథ్య దేశపు ప్రేక్షకులు భారత్‌కు వ్యతిరేకంగా హోరెత్తిస్తుండగా, సెప్టెంబరు 4న పీకే బెనర్జీ, జర్నైల్ చెరో గోల్ చేశారు. 2-1తో స్వర్ణం భారత్ వశమైంది.

ఆ తరువాత ఏడాదైనా నిండకుండానే, 1963 జూన్ 11న రహీమ్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టు సభ్యుడు. రహీమ్ జీవితం ఆధారంగా 2024లో ‘మైదాన్’ హిందీ చిత్రం వచ్చింది.

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ గెలిచిన స్వర్ణాలు రెండే. రెండూ రహీమ్ శిక్షణలో వచ్చినవే. జకార్తా విజయం జరిగి ఆరు దశాబ్దాలు దాటినా మూడోది ఇంకా రాలేదు.