బియాట్రిస్ టిన్‌స్లీ

నిర్మలమైన రాత్రివేళ ఆకాశమున తెల్లని వెలుగుబాటవలె కానవచ్చు పాలపుంతను మీరు చూచియే యుందురు. మన సూర్యుడును, మన కన్నులకు గోచరించు చుక్కలన్నియు దానిలోనివే. ఇట్టి మహానక్షత్ర సముదాయమునకు గెలాక్సీ యని పేరు. విశ్వమున నిట్టివి కోట్లకొలదిగా నున్నవి. వానిలో కొన్నిట నేటికిని క్రొత్త చుక్కలు పుట్టుచున్నవి. కొన్నిట ఆ పుట్టుక యేనాడో ఆగిపోయినది. గెలాక్సీలకును బాల్యము, యౌవనము, వార్ధకము కలవని లెక్కగట్టి చూపినవారిలో అగ్రగణ్యురాలు బియాట్రిస్ టిన్‌స్లీ.

ఆమె 1941వ సంవత్సరము జనవరి 27వ తేదీన ఇంగ్లండునందలి చెస్టరు పట్టణమున జన్మించెను. తల్లి జీన్ హిల్, తండ్రి ఎడ్వర్డ్ హిల్. వారి ముగ్గురు కుమార్తెలలో ఆమె నడిమిది. యుద్ధానంతరము 1946లో ఆ కుటుంబము న్యూజీలాండునకు వలసపోయి, కొంతకాలమునకు న్యూప్లిమత్ పట్టణమున స్థిరపడెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. పిమ్మట ఆ పట్టణమునకు మేయరుగ నుండెను. బాలిక గణితమునందును, వయొలిన్ వాద్యమునందును సమానమైన ప్రజ్ఞ చూపెను. క్రైస్ట్‌చర్చి నగరమందలి కాంటర్‌బరీ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము నభ్యసించి, 1961లో బ్రయాన్ టిన్‌స్లీ యను శాస్త్రజ్ఞుని వివాహమాడెను.

1963లో భర్తకు అమెరికాలోని డల్లాసు నగరమున ఉద్యోగము దొరకగా దంపతులచటికి చేరిరి. అచట ఆమె విద్యకు తగిన పని లేకపోయెను. ఆమె నిరాశ చెంది యూరకుండలేదు. సుమారు 200 మైళ్ళ దూరముననున్న ఆస్టిన్ నగరమునకు పోవుచు వచ్చుచు, టెక్సాస్ విశ్వవిద్యాలయమున ఖగోళశాస్త్రములో పరిశోధన సాగించి డాక్టరు పట్టము నొందెను.

ఆమె పరిశోధన యెట్టిదో తెలిసికొందము. మిగుల దూరముననున్న గెలాక్సీ వెలుగు మనలను చేరుటకు కోట్ల సంవత్సరములు పట్టును. కావున దానిని మనము నేటి రూపమున గాక పూర్వరూపమున చూచుచున్నాము. విశ్వము వ్యాకోచించు తీరును కొలుచు శాస్త్రజ్ఞులు ఆ కాలమున కొన్ని గెలాక్సీల వెలుగును కొలబద్దగా గ్రహించుచుండిరి. యుగములు గడచినను ఆ వెలుగు అంతగా మారదని వారి తలంపు. టిన్‌స్లీ ఆ తలంపును పరీక్షింపబూనెను. గెలాక్సీలోని వాయువెంత, దానినుండి యే బరువుగల చుక్కలెన్ని పుట్టును, ఒక్కొక్కటి యెంతకాలము వెలుగును, నశించునపుడు ఎంత వాయువును తిరిగి యిచ్చును అను విషయములను జమాఖర్చులవలె కూర్చి, కంప్యూటరు సాయమున గణించెను. బరువైన నీలిచుక్కలు కొన్ని కోట్ల సంవత్సరములలోనే యాఱిపోవును. తేలికైన యెఱ్ఱచుక్కలు వేయికోట్ల సంవత్సరములకు మించి జీవించును. కనుక క్రొత్త చుక్కల పుట్టుక తగ్గినకొలది గెలాక్సీ మసకబాఱి యెఱ్ఱబడును. అనగా కొలబద్దయే కాలక్రమమున మారుచున్నదని తేలెను. 1968లో ప్రకటితమైన ఈ మార్గమును పెద్దలు కొందఱు వెంటనే యంగీకరింపలేదు. ఆమె వెనుదీయక తన లెక్కలను మఱింత సరిచేయుచు పోయెను. తుదకు శాస్త్రలోకము ఆమె మార్గమునే యనుసరించెను.

ఈ కాలముననే ఆమె యిద్దఱు బిడ్డలను దత్తు చేసికొని పెంచుచుండెను. 1974లో స్త్రీ ఖగోళవేత్తల కొసగు ఆనీ కేనన్ బహుమానము ఆమెకు లభించెను. ఐనను డల్లాసులో తగిన స్థిరపదవి దొరకలేదు. కుటుంబమా, శాస్త్రమా యను కఠినమైన ప్రశ్న ఆమె యెదుట నిలిచెను. ఆ యేటనే వివాహబంధము తెగెను. 1975లో ఆమె బిడ్డలను తండ్రియొద్ద నుంచి, యేల్ విశ్వవిద్యాలయమున ఉద్యోగమునకై తరలిపోయెను. 1978లో అచట ఆచార్యపదవి నందెను. ఆ విశ్వవిద్యాలయమున ఖగోళశాస్త్రాచార్యురాలైన తొలి స్త్రీ ఆమెయే. ఆ సంవత్సరముననే ఆమెకు చర్మసంబంధమైన క్యాన్సరు వ్యాధి యున్నట్లు బయల్పడెను.

వ్యాధి ముదురుచున్నను ఆమె పని మానలేదు. 1980లో రిచర్డ్ లార్సన్, నెల్సన్ కాల్డ్‌వెల్ అను వారితో కలిసి యొక గొప్ప వ్యాసము ప్రకటించెను. గెలాక్సీలలో చుక్కల పుట్టుక యేల ఆగునన్నది అందలి ప్రశ్న. ఒక చెరువును తలచుకొనుడు. చెరువులోని నీరు ఒకటి రెండు పంటలకే చాలును. పైనుండి వాగు వచ్చి చేరుచుండినగాని యేటేట పంట పండదు. సుడిచుట్టల గెలాక్సీలును అట్టివే. వానిలోని వాయువు విశ్వము వయస్సుతో పోల్చిన స్వల్పకాలముననే చెల్లిపోవలసినది. అట్లు చెల్లకుండుటకు కారణము, వాని చుట్టును ఆవరించిన వాయువు మెల్లమెల్లగా లోనికి దిగుచుండుటయే. గెలాక్సీలు గుంపులుగా నున్నచోట ఆ పై యావరణము ఊడిపోవును. అంతట వాగు తెగిన చెరువువలె, గెలాక్సీ తనలో మిగిలిన వాయువును ఖర్చుచేసికొని, నీలికాంతిని కోల్పోయి, మసూరపప్పు ఆకారముగల గెలాక్సీగా మాఱును. ఇది ఆ ముగ్గురి సిద్ధాంతము.

తరువాతివారు మఱికొన్ని కారణములను గూడ కనుగొనిరి. గెలాక్సీ నడుమనుండు మహాకృష్ణబిలము చుట్టును వెలువడు శక్తి వాయువును చల్లబడనీయదని వానిలో నొకటి. ఐనను పై సిద్ధాంతము పాతబడలేదు. వాగు తెగిన చెరువున నీరు తగ్గినకొలది ఉప్పదనము చిక్కబడును గదా! అట్లే వాయువు రాక నిలిచిన గెలాక్సీలో, చుక్కలయందు తయారైన లోహాది మూలకముల పాలు పెరుగును. 2015లో కొందఱు శాస్త్రజ్ఞులు సమీప గెలాక్సీలను పెక్కింటిని పరీక్షించి, ఇట్టి గుర్తునే కనుగొని, వాయువు రాక తెగుటయే ముఖ్యకారణమని నిర్ణయించిరి.

వ్యాధివలన టిన్‌స్లీ కుడిచేయి పడిపోగా, ఆమె యెడమచేత వ్రాయ నేర్చుకొనెను. అట్లు వ్రాసిన తుది వ్యాసమును మరణమునకు పదిదినములు ముందు ప్రచురణకు పంపెను. 1981వ సంవత్సరము మార్చి 23వ తేదీన, నలువదవ యేట, ఆమె కన్నుమూసెను. ఆ వ్యాసమును ఆమె అచ్చులో చూడలేదు. అమెరికా ఖగోళశాస్త్రసంఘము 1986లో ఆమె పేర నొక బహుమానము నెలకొల్పినది. 2010లో న్యూజీలాండునందలి యొక పర్వతశిఖరమునకు ఆమె పేరు పెట్టిరి.

వేయికోట్ల సంవత్సరముల చరిత్రను లెక్కగట్టిన ఆమెకు లభించిన యాయువు నలువది సంవత్సరములే. ఆ కొలది కాలమును ఆమె యొక్కదినమైనను వ్యర్థము చేసికొనలేదు. పాలపుంతలో నేటికిని ఏటేట ఒకటి రెండు సూర్యుల బరువంత వాయువు క్రొత్త చుక్కలుగ మాఱుచున్నది. మీరు రాత్రివేళ ఆ వెలుగుబాటను చూచునపుడు, ఎడమచేత లెక్కలు వ్రాసిన ఆ విదుషీమణిని ఒక్కమాఱు తలచుకొనుడు.