ఆధారం అడిగిన మహనీయుడు భాగ్యరెడ్డి వర్మ

భాగ్యరెడ్డి వర్మ గారు 1888లో హైదరాబాదులో ఒక దళిత కుటుంబంలో జన్మించారు. అసలు పేరు మాదరి భాగయ్య. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి వాడవాడలా చైతన్యం తెచ్చారు. మన వాళ్ల పిల్లల కోసం బడులు పెట్టారు. మన నిజామాబాద్ పల్లెలను సైతం పీడించిన జోగిని దురాచారాన్ని ఆనాడే ఎదిరించారు.

1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు ఆయనే అధ్యక్షులు. అందరికీ అలవాటైన పంచమ అనే పేరును ఆయన మాత్రం గుడ్డిగా ఒప్పుకోలేదు. పురాణాల్లో గాని, చరిత్రలో గాని దానికి ఆధారం లేదని, తాము ఈ నేలకు తొలివాసులమని వాదించారు. సభ ఆ మాటను ఆలోచించి, ఆది ఆంధ్ర అనే పేరును స్వీకరించింది. ఆయన 1939లో కన్నుమూశారు.

మిత్రులారా! ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలన్నా, పై చదువు మనవల్ల కాదని ఎవరన్నా, ముందు ఆధారం అడుగుదాం. ఆ తర్వాతే నిర్ణయం తీసుకుందాం.