బడి వెలుపలి చదువుకు బాట వేసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు

రాజుపాలెం (కడప జిల్లా): స్వాతంత్ర్య సమరయోధులు, పత్రికా సంపాదకులు, గ్రంథాలయోద్యమ సారథి శ్రీ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాయలసీమ దేశానికి అందించిన విద్యాసేవకులలో అగ్రగణ్యులు. చదువు అంటే పిల్లల బడి మాత్రమేనని అందరూ భావించే రోజులలో, బడి ఈడు దాటిన స్త్రీ పురుషులకు అక్షరజ్ఞానం కలిగించడం జాతి కర్తవ్యమని నమ్మి, ఆ నమ్మకాన్ని ఉద్యమంగా నడిపిన ఘనత వారిది. జాతీయ విద్యా విధానం-2020 వయోజన విద్యకు, జీవితపర్యంత అభ్యసనానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయాన్ని కేటాయించిన నేపథ్యంలో వారి జీవితాన్ని మరొకసారి మననం చేసుకోవడం సముచితం.

కర్నూలు జిల్లాలో పుట్టిన కుందూ నది నంద్యాల ప్రాంతాన్ని దాటి, కడప జిల్లాలో రాజుపాలెం మండలం మీదుగా ప్రవహించి, కమలాపురం సమీపాన పెన్నా నదిలో కలుస్తుంది. ఆ నది ఎగువ సీమలోనే శ్రీ హరిసర్వోత్తమరావు జన్మించారు, అక్కడే అక్షరాలు దిద్దారు. పగలంతా పొలం పనిలో గడిపే రైతులు, కూలీలు నివసించే ఇటువంటి పల్లెలకు చదువు ఏ విధంగా చేరాలన్నదే వారి జీవితకాల చింతన.

బాల్యం, విద్యాభ్యాసం

శ్రీ హరిసర్వోత్తమరావు 1883 సెప్టెంబరు 14న కర్నూలులో ఒక పేద కుటుంబంలో జన్మించారు. కర్నూలు, గుత్తి, నంద్యాలలో పాఠశాల విద్య పూర్తి చేశారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి 1906లో ఎం.ఎ. పట్టా పొందారు. దత్తమండలాల నుంచి ఆ స్థాయికి చేరిన వారు నాడు బహు కొద్దిమంది. ఉన్నతోద్యోగాలకు అవకాశం ఉన్నప్పటికీ వారు ఉపాధ్యాయ వృత్తిని కోరుకుని రాజమహేంద్రవరంలోని శిక్షణ కళాశాలలో చేరారు.

1905 బెంగాల్ విభజనతో మొదలైన వందేమాతరం ఉద్యమం అప్పటికి గోదావరి తీరాన్ని తాకింది. 1907 ఏప్రిల్‌లో శ్రీ బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరానికి వచ్చి ఉపన్యసించారు. ఉత్తేజితులైన విద్యార్థులు వందేమాతరం చిహ్నాలు ధరించి తరగతులకు హాజరయ్యారు. కళాశాల అధ్యక్షుడు మార్క్ హంటర్ దీనిని క్రమశిక్షణా రాహిత్యంగా పరిగణించి చర్యలు చేపట్టారు. శ్రీ హరిసర్వోత్తమరావు కళాశాల నుంచి బహిష్కృతులయ్యారు. ప్రభుత్వోద్యోగానికి అనర్హులుగా ప్రకటితులయ్యారు. బడిపంతులు కావలసిన యువకునికి బడి తలుపులు శాశ్వతంగా మూసుకుపోయాయి. అటు తరువాత వారు చేసిన విద్యా కృషి అంతా బడి గోడల వెలుపలనే సాగింది.

కలం, కారాగారం

శ్రీ కొమర్రాజు వేంకట లక్ష్మణరావు 1906లో హైదరాబాదులో స్థాపించిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి తన తొలి ప్రచురణగా శ్రీ హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్రను 1907లో వెలువరించింది. లింకన్ బడిలో గడిపిన కాలం అన్నీ కలిపినా ఒక సంవత్సరానికి మించదు. ఎరువు తెచ్చుకున్న పుస్తకాలతో స్వయంగా చదువుకుని దేశాధ్యక్షుడైన వ్యక్తి కథ అది. పుస్తకం అందితే మనిషి ఏ వయసులోనైనా ఎదుగుతాడన్న భావానికి ఆ గ్రంథం తొలి సాక్ష్యం.

1908లో బెజవాడ నుంచి 'స్వరాజ్య' వారపత్రికకు వారు సంపాదకత్వం వహించారు. తిరునల్వేలి కాల్పులను తీవ్రంగా ఖండిస్తూ ఆ పత్రికలో వెలువడిన వ్యాసంపై ప్రభుత్వం రాజద్రోహ నేరం మోపింది. మూడు సంవత్సరాల కారాగార శిక్షను వారు వెల్లూరు జైలులో అనుభవించారు. ఆంధ్రదేశపు తొలి రాజకీయ ఖైదీగా చరిత్రకెక్కి, ప్రజలచే ఆంధ్ర తిలక్‌గా కీర్తింపబడ్డారు.

విడుదలైన తరువాత విజ్ఞాన చంద్రికా మండలి కార్యక్రమాలలో పాలుపంచుకున్నారు. 1914లో మద్రాసుకు తరలివచ్చి దినపత్రికగా మారిన ఆంధ్రపత్రికకు ఆ తొలినాళ్లలో సంపాదకులుగా పనిచేశారు. శ్రీమతి అనిబిసెంట్ 1916లో ప్రారంభించిన హోంరూల్ ఉద్యమంలో ఆంధ్ర శాఖ కార్యదర్శి బాధ్యతలు నిర్వహించారు. అక్షరం రానివారికి పత్రిక అందదన్న సత్యం సంపాదకునికి తెలియనిది కాదు. పత్రికా రచన నుంచి వయోజన విద్యకు వారి ప్రయాణం ఆ విధంగా సహజమైనది.

గ్రంథాలయోద్యమ సారథ్యం

1914 ఏప్రిల్ 10న బెజవాడలో శ్రీ చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన, శ్రీ అయ్యంకి వెంకటరమణయ్య కృషి ఫలితంగా ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆవిర్భవించింది. అయ్యంకి వారు నిర్మించిన ఆ సంఘానికి శ్రీ హరిసర్వోత్తమరావు సుదీర్ఘకాలం అధ్యక్షులుగా వ్యవహరించారు. గ్రంథాలయ యాత్రలు, మహాసభలు, కార్యకర్తల శిక్షణ తరగతులతో ఉద్యమం గ్రామగ్రామానికీ వ్యాపించింది. 1935లో శ్రీ పాతూరి నాగభూషణం ఆధ్వర్యంలో కృష్ణా కాలువలపై పడవ గ్రంథాలయం సైతం నడిచింది.

శ్రీ హరిసర్వోత్తమరావు ఈ ఉద్యమానికి వయోజన విద్యను జోడించారు. వారి దృష్టిలో రాత్రి పాఠశాల, గ్రంథాలయం ఒకదాని నుంచి మరొకటి విడదీయరానివి. రాత్రి పాఠశాలలో అక్షరాలు నేర్చిన రైతుకు మరునాటి నుంచి చదువుకోవడానికి చేతిలో ఏదో ఒకటి లేకపోతే, నేర్చిన అక్షరం కొద్ది నెలలలోనే మరపున పడుతుంది. గ్రంథాలయం ఉన్నా చదవగలవారు లేకపోతే బీరువాలకు తాళాలే మిగులుతాయి. ఈ కారణంగానే వారు వయోజన విద్యా సంఘాలను సంఘటితం చేయడంతో పాటు, కొత్తగా అక్షరాస్యులైన పెద్దల కోసం సులభ శైలిలో పుస్తకాలు ఉండాలని పట్టుబట్టి, స్వయంగా రచనలు చేశారు.

చట్టంగా మారిన ఆశయం

స్వచ్ఛంద సేవకు గల పరిమితులను ఉద్యమ నాయకులు అనుభవంతో గ్రహించారు. దాతల విరాళం ఏటా ఒకే విధంగా ఉండదు. కార్యకర్త ఊరు విడిచి వెళ్తే గ్రంథాలయం మూతపడుతుంది. స్థిరమైన నిధి, దానికి చట్టబద్ధత ఉన్నప్పుడే ప్రజల చదువు కొనసాగుతుంది. ఆచార్య ఎస్.ఆర్. రంగనాథన్ కృషితో రూపొందిన 1948 మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం ఈ అవసరాన్ని తొలిసారిగా తీర్చింది. స్థానిక సంస్థలు వసూలు చేసే ఆస్తి పన్నుపై గ్రంథాలయ సెస్సు విధించే పద్ధతి దానితో అమలులోకి వచ్చింది. తెలంగాణ ప్రాంతంలో 1955 హైదరాబాదు చట్టం అమలైంది. ఈ రెండింటి స్థానంలో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టం 1960 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలకు నేటికీ ఆధారం ఆ చట్టమే.

ఆ శుభదినాన్ని చూడకుండానే, దానికి సుమారు ఒక నెల ముందు, 1960 ఫిబ్రవరి 29న శ్రీ హరిసర్వోత్తమరావు పరమపదించారు. మరొక విషయం కూడా ఇక్కడ గమనార్హం. రాజ్యాంగం అమలులోకి వచ్చిన పది సంవత్సరాలలోగా పద్నాలుగేళ్ల లోపు బాలబాలికలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించాలని 45వ అధికరణం నిర్దేశించింది. ఆ గడువు ముగిసినదీ 1960 జనవరిలోనే. లక్ష్యం నెరవేరలేదు. బడికి వెళ్లని ఆనాటి పిల్లలే తరువాతి దశాబ్దాలలో నిరక్షరాస్యులైన పెద్దలయ్యారు. బాలల విద్యలో కలిగిన ప్రతి లోటూ వయోజన విద్యపై భారంగా పరిణమిస్తుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

జాతీయ కార్యక్రమాలు

1951 జనాభా లెక్కల ప్రకారం దేశ అక్షరాస్యత సుమారు 18 శాతం. 1978 అక్టోబరు 2న ప్రారంభమైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం 15 నుంచి 35 ఏళ్ల మధ్య వయసు గల 10 కోట్ల మందిని లక్ష్యంగా పెట్టుకుంది. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ ఏర్పడింది. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చిన మహిళలు సారా వ్యతిరేక పోరాటానికి నాంది పలికారు. పెద్దల చదువు ఒక రాష్ట్ర విధానాన్నే మార్చగలదని 1990వ దశకం తొలినాళ్లలో ఆ పల్లె నిరూపించింది. 2009లో ప్రారంభమైన సాక్షర భారత్ 2018లో ముగిసింది. 2022 నుంచి 2027 వరకు ఐదు సంవత్సరాల కాలానికి రూ.1037.90 కోట్ల అంచనా వ్యయంతో రూపొందిన నవభారత అక్షరాస్యతా కార్యక్రమం 15 ఏళ్లు, ఆపై వయసు గల 5 కోట్ల మందిని లక్ష్యంగా నిర్ణయించుకుంది. అక్షరజ్ఞానంతో పాటు జీవన నైపుణ్యాలు, వృత్తి నైపుణ్యాలు, ప్రాథమిక విద్య, నిరంతర విద్య ఇందులో అంతర్భాగాలు.

ఈ కార్యక్రమాలన్నింటికీ ప్రారంభ తేదీతో పాటు ముగింపు తేదీ ఉంది. కార్యక్రమం ముగిసిన నాడు కేంద్రం మూతపడుతుంది. ప్రేరకులు వేరే పనులలోకి మళ్లుతారు. పాఠ్యపుస్తకం మూలన పడుతుంది. దానికి భిన్నంగా 1960 చట్టానికి ముగింపు తేదీ లేదు. శ్రీ హరిసర్వోత్తమరావు ఆలోచనా విధానంలోని దూరదృష్టి ఇక్కడే వ్యక్తమవుతున్నది. అక్షరాస్యతను గడువు గల కార్యక్రమం ఇవ్వగలదు. దానిని నిలబెట్టవలసినది గడువు లేని సంస్థ.

నేటి కర్తవ్యం

2011 జనాభా లెక్కల ప్రకారం కడప జిల్లా అక్షరాస్యత సుమారు 67 శాతం. అనగా ఏడేళ్లు పైబడిన ప్రతి ముగ్గురిలో ఒకరు నాటికి చదవలేని స్థితిలో ఉన్నారు. రాజుపాలెం వంటి వ్యవసాయ మండలాలలో ఈ వయోజనులకు బ్యాంకు ఖాతా పత్రం, భూమి రికార్డు, పురుగు మందు డబ్బాపై సూచన, చరవాణిలో వచ్చే ప్రభుత్వ సందేశం నిత్యావసరాలుగా మారాయి. వీటిని స్వయంగా చదువుకోలేని వ్యక్తి ప్రతి పనికీ ఇతరులపై ఆధారపడక తప్పదు. పథకాల ఫలితం కూడా ఆ మేరకు కుంటుపడుతుంది.

వయోజన విద్యా కేంద్రాన్ని గ్రామ గ్రంథాలయంతో అనుసంధానించడం, పొలం పనుల సీజనుకు అనుగుణంగా రాత్రి తరగతుల వేళలు నిర్ణయించడం, కొత్త పాఠకులకు తగిన పెద్ద అక్షరాల పుస్తకాలను, దినపత్రికలను అందుబాటులో ఉంచడం, వసూలైన గ్రంథాలయ సెస్సు సకాలంలో జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ అయ్యేటట్లు చూడడం స్థానిక యంత్రాంగం చేతిలో ఉన్న పనులు. వీటికి కొత్త చట్టం అవసరం లేదు. అధికారులు గడువులను పాటించడం, పాత్రికేయులు ఈ అంశాలను ప్రజల దృష్టికి తేవడం చాలు.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలలో శ్రీ హరిసర్వోత్తమరావు చిత్రపటానికి పుష్పాంజలి ఘటించడం ఆనవాయితీ. సాయంత్రం పొలం నుంచి వచ్చిన రైతు దీపం కింద పుస్తకం తెరిచే చోటు ప్రతి గ్రామంలోనూ ఉన్ననాడే ఆ మహనీయునికి అర్పించే నివాళి సంపూర్ణమవుతుంది.