రూజ్‌వెల్ట్ బీపీ చీటీ

1935లో 136/78. 1937లో 162/98. 1940లో 178/88. 1941లో 188/105. మా ఓపీకి వచ్చేవాళ్ల చీటీల్లో ఇలాంటి అంకెలు రోజూ చూస్తాను. ఇవి మాత్రం అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌వి.

ఆయనకు 39 ఏళ్లప్పుడు, 1921లో జబ్బు చేసి కాళ్లు పడిపోయాయి. పోలియో అన్నారు. అయినా 1933లో అధ్యక్షుడయ్యారు, మొత్తం నాలుగుసార్లు గెలిచారు. అందరి దృష్టీ ఆయన కాళ్ల మీదే ఉంది. మెల్లగా పెరుగుతున్న బీపీని పెద్దగా పట్టించుకున్నవారు లేరు. వయసుతోపాటు అది పెరగడం సహజమేనని అప్పట్లో చాలామంది డాక్టర్లే అనుకునేవారు. తలనొప్పి లేదు కాబట్టి నాకు బీపీ లేదని ఇప్పటికీ నాతో వాదించేవాళ్లున్నారు!

1944 మార్చిలో నౌకాదళ గుండె నిపుణుడు హోవర్డ్ బ్రూయెన్ పరీక్షించేసరికి 186/108. గుండె పెద్దదై, నీరసించింది. డిజిటాలిస్ ఇచ్చారు, ఉప్పు, సిగరెట్లు తగ్గించారు, ఫినోబార్బిటాల్ అనే మత్తు బిళ్ల కూడా వాడారు.

ఆ మత్తు బిళ్ల ఎందుకో చెప్తాను. బీపీలో నరాల పాత్ర ఉందని అప్పటికే తెలుసు. మీ తల వెనుక, మెడకు కాస్త పైన మెదడు కాండం ఉంటుంది. మెడలోని ధమనుల గోడల నుంచి ఒత్తిడి ఎంతుందో దానికి క్షణక్షణం కబురు అందుతుంది. ఎక్కువైతే నరాల ద్వారా రక్తనాళాలను వదులు చేస్తుంది, తక్కువైతే బిగిస్తుంది. మీరు మంచం మీంచి లేచినప్పుడు కళ్లు తిరగకుండా కాపాడేది ఇదే.

ఈ ఏర్పాటులోకి ఒక హార్మోన్ కూడా చొరబడుతుంది. మూత్రపిండాలు విడిచే రెనిన్ వల్ల రక్తంలో యాంజియోటెన్సిన్ తయారవుతుంది. 1939-40లో ఇండియానాపోలిస్‌లో, బ్యూనస్ ఎయిర్స్‌లో రెండు బృందాలు దీన్ని విడివిడిగా కనిపెట్టాయి. ఇది రక్తనాళాలను నేరుగా బిగించడమే కాదు. రక్తంలోని చాలా పదార్థాలను మెదడులోకి రానివ్వని అడ్డుగోడ మెదడు కాండంలో ఒకచోట ఉండదు. అక్కడ ఈ హార్మోన్ పనిచేసి, నరాలను మరింత ఉసిగొల్పుతుంది. ధమనుల నుంచి వచ్చే హెచ్చరికకు స్పందన మందగిస్తుంది. ఉసిగొన్న నరాలు మూత్రపిండాలకూ వెళ్తాయి కదా, అక్కడ మళ్లీ రెనిన్ పెరుగుతుంది. దొంగకే తాళాలు ఇచ్చినట్టు! రూజ్‌వెల్ట్ విషయంలో దీని వాటా ఎంతో ఇప్పుడు ఎవరూ కొలవలేరు. ఫినోబార్బిటాల్ మాత్రం మెదడంతటినీ జోకొట్టేదే తప్ప ఈ చక్రాన్ని ఆపేది కాదు.

1944 నవంబరులో ఆయన బీపీ 260/150కి చేరింది. ఆ స్థితిలోనే మరుసటి ఫిబ్రవరిలో యాల్టా వెళ్లి స్టాలిన్, చర్చిల్‌లతో చర్చల్లో కూర్చున్నారు. 1945 ఏప్రిల్ 12న జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌లో చిత్రకారిణి ఆయన బొమ్మ వేస్తుండగా, తల వెనుక భరించలేని నొప్పి అంటూ ఒరిగిపోయారు. అప్పుడు పై అంకె 300 దాటింది. మెదడులో రక్తస్రావమై ఆ మధ్యాహ్నమే చనిపోయారు. వయసు 63.

ఆ హార్మోన్‌ను తయారు కానివ్వని మొదటి బిళ్ల, కాప్టోప్రిల్, అమెరికాలో 1981లో వచ్చింది. ఇప్పుడు మీ చీటీలో ఎనలాప్రిల్ అనో, టెల్మిసార్టాన్ అనో రాసి ఉంటే అవి ఈ హార్మోన్ మీద పనిచేసే మందులే. మీ ఊరి ప్రభుత్వాసుపత్రిలో అడిగి చూడండి.