వనపర్తి రాజా రామేశ్వరరావుగారు

ఈ ఉగాదినాడు చింతకిలోని తెలుగువారము మేము ఒక తెలుగు ప్రభువును తలచుకొనుచున్నాము. వారు వనపర్తి సంస్థానాధీశులు మొదటి రాజా రామేశ్వరరావుగారు. ఆ కాలమున మన బీదరును, వనపర్తియు నిజాము ఏలుబడిలోనివే.

రాజావారు ఆఫ్రికా సంతతివారగు సిద్దీలతో సొంత దళమును తీర్చిరి. 1866లో వారు గతించిన పిమ్మట ఆ దళము నిజామును చేరి, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అను పేర, ప్రభువు అంగరక్షణకు నిలిచెను.

1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమైన పిదప దళము రద్దయి, ఆ కుటుంబములకు కొలువు పోయినది. అయినను వారు ఊరు విడువలేదు. మాసబ్ ట్యాంకు చెంత ఏ.సి. గార్డ్స్ పేట ఆ దళము పేరనే నిలిచియున్నది. వారి మర్ఫా వాద్యము హైదరాబాదు పెండ్లిండ్లలో నేటికిని మ్రోగుచున్నది.

కొలువు పోయినను చేరిన ఊరిని తమదిగా చేసికొని, తమ వాద్యమును విడువని వారి బాట మాకును మంచిదే. మా పిల్లలకు కన్నడము రావలెను, తెలుగు పోరాదు.