మార్లవాయి మరువని మనిషి హైమన్‌డార్ఫ్

కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని మార్లవాయిలో ఏటా జనవరిలో మనవాళ్లు ఒక విదేశీ దంపతులను తలచుకుంటారు. వాళ్లే ప్రొఫెసర్ హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్. మన యువత ఆయన జీవితంతో పాటు ఆయన చదివిన చదువు గురించి కూడా తెలుసుకోవాలని మేము కోరుకుంటున్నాం.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టారు. అక్కడే మానవశాస్త్రం చదివి డాక్టరేట్ పొందారు. 1936లో నాగా కొండలకు వచ్చి కొన్యాక్ నాగాల మధ్య ఉన్నారు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి ఆయన హైదరాబాద్‌లో ఉన్నారు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండడంతో బ్రిటిష్ వారు ఆయన్ను హైదరాబాద్ సంస్థానం దాటి పోనివ్వలేదు. ఆ కట్టడే మనకు మేలయింది. నల్లమల చెంచులు, గోదావరి తీరపు కొండరెడ్లు, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మధ్య ఏళ్ల తరబడి గడిపి పుస్తకాలు రాశారు.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, ఆదివాసుల కష్టాలకు కారణం తెలుసుకునే పనిని నిజాం ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకున్నారు, గోండి నేర్చుకున్నారు. భూములు షావుకార్ల పాలవుతున్న తీరు, అటవీ సిబ్బంది వేధింపులు ప్రభుత్వం ముందుంచారు. ఫలితంగా ఎందరికో పట్టాలు అందాయి. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండి వాచకాలు వచ్చాయి. టీచర్ ట్రైనింగ్ పొందిన మాకు ఈ చివరి మాట ఎంతో విలువైనది.

తర్వాత ఆయన లండన్‌లో ఆచార్యులయ్యారు, నేపాల్ షెర్పాలపై పరిశోధన చేశారు. అయినా మన గూడేలను మరువలేదు. 1970లలో మళ్లీ వచ్చి, పట్టా పొందిన భూములు తిరిగి చేజారడం చూసి, ఆ సంగతి 1982లో పుస్తకంగా వెలువరించారు. 1987లో కన్నుమూసిన బెట్టీని మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో మరణించారు. తర్వాత ఆయన అస్థికలూ ఆమె చెంతకే చేరాయి.

ఇంతకీ మానవశాస్త్రం అంటే ఏమిటి? దానికి నాలుగు ప్రధాన శాఖలున్నాయి. గోత్రాలు, పెళ్లిళ్లు, జాతరలు, కట్టుబాట్లను పరిశీలించేది సామాజిక, సాంస్కృతిక శాఖ. హైమన్‌డార్ఫ్ చేసిన పని ఇదే. మనిషి పుట్టుక, శరీరం, వంశపారంపర్య లక్షణాలను చూసేది భౌతిక శాఖ. సికిల్‌సెల్ వంటి జబ్బులను అర్థం చేసుకోవడానికి ఇది పనికొస్తుంది. తవ్వకాల్లో దొరికిన పనిముట్లతో పాత బతుకులను చదివేది పురావస్తు శాఖ. భాషకూ జీవితానికీ ఉన్న ముడిని వెతికేది భాషా శాఖ. గోండి, కొలామి మాట్లాడే పిల్లలకు ఇందులో పుట్టుకతోనే పెట్టుబడి ఉంది.

ఒకప్పుడు ఈ శాస్త్రం మనల్ని బయటి నుంచి చూసి, కొలిచి, రాసుకుపోయింది. హైమన్‌డార్ఫ్ మన మధ్య కూర్చుని రాశారు. అయినా ఆయన రాసింది అతిథి చూసిన చూపే. మన పెద్దల నోట ఉన్న కథలు, పాటలు, సరిహద్దు రాళ్ల గుర్తులు వాళ్లతోనే వెళ్లిపోకముందే రాయాల్సింది మనమే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఈ చదువు ఉంది. డిగ్రీ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పీజీకి దరఖాస్తు పెట్టే రోజున దీన్ని కూడా గుర్తుపెట్టుకోండి.