పాత ఇంజన్లతో మొదలైన హోండా

మన కాలేజ్ పార్కింగ్‌లో సగం బండ్ల మీద కనిపించే హోండా అనేది ఒక మనిషి ఇంటిపేరు. సొయిచిరో హోండా 1906లో జపాన్‌లోని హమమత్సు దగ్గర ఒక పల్లెలో పుట్టాడు. నాన్న కమ్మరి, సైకిళ్ళు కూడా బాగుచేసేవాడు. పదిహేనేళ్ళకే సొయిచిరో టోక్యో వెళ్ళి కార్ల రిపేరు షాపులో పనికి కుదిరాడు.

తర్వాత సొంతంగా పిస్టన్ రింగులు చేయబోతే అవి సరిగ్గా రాలేదు. లోహాల గురించి తనకేం తెలీదని అర్థమై, ముప్ఫై దాటాక టెక్నికల్ స్కూల్లో క్లాసులకి కూర్చున్నాడు. పరీక్షలు రాయలేదు కాబట్టి డిప్లొమా రాలేదు. రింగులు మాత్రం కుదిరాయి, టయోటా కొనుక్కుంది.

యుద్ధంలో బాంబులు, 1945లో భూకంపం అతని ఫ్యాక్టరీల్ని కూల్చేశాయి. మిగిలింది టయోటాకే అమ్మేశాడు. 1946లో, సైన్యం రేడియోలకి కరెంటు కోసం వాడి వదిలేసిన చిన్న ఇంజన్లు కొని, బాగుచేసి, సైకిళ్ళకి బిగించి అమ్మాడు. రైళ్ళు కిక్కిరిసిన రోజులవి, జనం ఎగబడి కొన్నారు. ఆ స్టాక్ అయిపోయాక సొంత ఇంజన్ తయారుచేశాడు. 1948లో కంపెనీ పెట్టాడు. మరుసటి ఏడాది చేరిన ఫుజిసావా డబ్బు, అమ్మకాలు చూసుకున్నాడు. 1958లో సూపర్ కబ్, 1969లో సీబీ 750 వచ్చాయి.

1973లో రిటైరయ్యాడు, కంపెనీని కొడుక్కి అప్పగించలేదు. 1991లో చనిపోయాడు. ఇవాళ తొలినాటి సీబీ 750 తుప్పుపట్టి దొరికినా, వెతుక్కుంటూ వచ్చి కొని బాగుచేసుకునేవాళ్ళున్నారు. హోండా మొదలైంది కూడా సరిగ్గా ఆ పనితోనే.